పొదుపుకు చాలినంత దుబారా

మనుషుల అలవాట్లు మార్చడం నా ఉద్యోగం. నియామకపు ఉత్తర్వులో దాన్ని "ప్రవర్తనా పరివర్తన సలహాదారు" అన్నారు. ఆ మాటను ఒక్క గుక్కలో పలకగలిగినవాళ్ళు మా సంస్థలో ఇద్దరే. దాన్ని కనిపెట్టిన సంయుక్త సంచాలకులు పరాంకుశంగారు ఒకరు, దాన్ని నా గది తలుపు మీద రాసిన పెయింటరు ఇంకొకడు. నేను మనస్తత్వశాస్త్రం చదివాను. మా ఊరంతా మిరపకాయల వ్యాపారం. మిరపకాయకు మనసు ఉండదు కాబట్టి చాలాకాలం ఖాళీగా ఉండి, చివరికి ఈ ఉద్యోగంలో చేరాను.

మాది గృహ ఇంధన పునర్నవీకరణ సంస్థ. పేదలకు ప్రభుత్వం ఎప్పుడో కట్టి ఇచ్చిన ఇళ్ళను తక్కువ కరెంటుతో చల్లగా ఉండేలా బాగుచేయడం దాని ఆశయం. డాబా మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత, గాలి ఆడే కిటికీలు, సగం కరెంటుతో తిరిగే ఫ్యాన్లు, పైన సోలారు పలకలు. మంచి ఆశయం. ఈ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఈ కథలో చెడ్డ ఆశయం ఒక్కటి కూడా లేదు.

మొదటి ప్రయోగానికి మిర్చి యార్డు వెనకున్న హిమగిరి కాలనీని ఎంచుకున్నారు. ఆ పేరు పెట్టిన నాయకుడెవరో జనం మరిచిపోయారు గాని, వేసవిలో మాత్రం తరచూ తలుచుకుంటారు. అక్కడివన్నీ మూడంతస్తుల ఇళ్ళు. పై అంతస్తుకూ సూర్యుడికీ మధ్య ఉన్నది ఒక్క సన్నటి స్లాబు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మూడో అంతస్తులో రోలు పెట్టుకునే చోటు లేదు కాబట్టి అక్కడ మనుషులే పగలాలి.

నాంచారమ్మ ఇల్లు ఆ అంతస్తులోనే. భర్త లేడు. పగలంతా కోల్డ్ స్టోరేజీ ముందు రేకుల కింద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంది. సాయంత్రం కాయలు చల్లటి గదుల్లోకి వెళతాయి, ఆమె మూడో అంతస్తుకు వెళుతుంది.

"కాయలకున్న యోగం మాకు లేదండీ," అంది నేను మొదటిసారి వెళ్ళినప్పుడు. "అయి వయసులో ఎండన పడ్డా, ముసలితనంలో ఏసీలో ఉంటాయి. మాకు రెండుసార్లూ ఎండే."

ఆమెకు ఒక్కతే కూతురు, శివపార్వతి. తొలి కాన్పు. రోహిణి కార్తెలోనే నెలలు నిండుతాయి. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం తల్లి హక్కు. కాని మాచర్లలో ఉన్న వియ్యపురాలు రాఘవమ్మ ఫోనులో తెగేసి చెప్పింది. "పిల్లని పంపిస్తా వదినా, కాదన్ను. కానీ రోహిణి లోపల నీ ఇల్లు చల్లబడాల. లేకపోతే ఆసుపత్రి నించి అటునించి అటే మా ఊరు తీసకపోతా. నా మనవణ్ణి పెనం మీద పెట్టనిస్తానా?"

"ఆమె తప్పేం లేదండీ," అంది నాంచారమ్మ. "పెనం అన్నది నిజమే గదా. కానీ పసిగుడ్డుకి మొదటి తలంటు నా చేత్తో పోసుకోకపోతే నేను తల్లినెందుకు, అమ్మమ్మనెందుకు?"

మీ పూత ఎప్పుడు రాస్తారని అడిగింది. త్వరలోనే అన్నాను. అప్పటికి నాకు మార్గదర్శకాలు చదివే అవకాశం రాలేదు.

పరాంకుశంగారు క్షేత్ర పరిశీలనకు వచ్చారు. కాలనీ మధ్యలో కుర్చీ వేశారు. ఏఈ ప్రభుదాస్ మీటర్లు చూసి వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ముఖంలో నేను చూసినది కోపం కాదు. పెళ్ళికి వెళ్ళి, కూర్చున్నాక, వంట చేయలేదని తెలిసినవాడి దిగులు.

"ఇంతేనా వినియోగం?"

"మీటర్లు తిరుగుతున్నాయండి. కాకపోతే, కొంచెం తీరిగ్గా."

ఆయన లేచి నిలబడ్డారు. "లబ్ధిదారులారా! ఇది మిక్కిలి విచారకరమైన పరిణామం. పునర్నవీకరణ అనంతరం గృహ వినియోగం నలభై శాతం తగ్గి తీరాలని మార్గదర్శకాలు స్పష్టంగా నిర్దేశిస్తున్నాయి. మీ ఇళ్ళలో చూడబోతే ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు. ఇందులో నలభై శాతం నేను ఎక్కడినుంచి తగ్గించను? ఫ్యానుకు రెక్కలు మూడు. ఒకటి పీకేసినా ముప్ఫై మూడు శాతమే వస్తుంది."

"లైటుని కూడా కాస్త చెక్కితే సరిపోద్దేమో చూడండి," అన్నాడు ఆటో మస్తాన్. ఇతనిదీ మూడో అంతస్తే, నాంచారమ్మ పక్క వాటా. పరాంకుశంగారు ప్రభుదాస్ వైపు చూసి, "పరిశీలించండి," అన్నారు.

"మేం పొదుపుగానే ఉంటన్నాం గదండీ," అంది నాంచారమ్మ.

"అదే సమస్య తల్లీ. పొదుపుగా ఉండటం వేరు, పొదుపు చేయడం వేరు. మొదటిది స్వభావం. రెండవది ప్రగతి. మేము నిధులు ఇచ్చేది ప్రగతికి."

అక్కడికక్కడే నిర్ణయం జరిగిపోయింది. ప్రాతిపదిక వినియోగాన్ని పెంచాలి. కాలనీ ప్రజలు కొంతకాలం తగినంత కరెంటు దుబారా చేయాలి. ఖర్చు సంస్థ భరిస్తుంది. ఆ దుబారా కొలిచాక పునర్నవీకరణ చేస్తే, అందులోంచి నలభై శాతం సునాయాసంగా తగ్గుతుంది. పొదుపు నేర్పడానికి నియమించిన నన్ను దుబారా నేర్పమన్నారు. నాకు అభ్యంతరం లేకపోయింది. వైద్యుడికి కాలూ చెయ్యీ ఒకటే.

వెళ్ళబోతూ ఆయన డాబా ఎక్కారు. పై అంతస్తువాళ్ళు అక్కడ కర్రలు పాతి తాటాకు పరిచారు.

"ఏమిటిది?"

"పందిరండీ. కింద కాస్త సెగ తగ్గుద్దని," అంది నాంచారమ్మ.

"ఇది అనధికార శీతలీకరణ. భవనపు సహజ ఉష్ణస్థితిని వక్రీకరిస్తోంది. తొలగించండి."

"తీసేస్తే ఎట్టాగండీ, మా పిల్ల వచ్చే వేళకి..."

"ఒళ్ళు కాలనిదే మందు రాయలేం కదమ్మా," అన్నారు ఆయన ఎంతో ఆప్యాయంగా. ఆ ఆప్యాయత నటన కాదు. మనిషి తన మాటల చప్పుడును నమ్మడం మొదలుపెట్టినప్పుడు గొంతులోకి ఒక రకమైన మెత్తదనం వస్తుంది. ఆ మెత్తదనాన్ని నేను చాలామంది గొంతుల్లో విన్నాను, నా గొంతుతో సహా.

పందిరి తీసేశారు.

సాయంత్రాలు కాలనీ వాకిట్లో ఉపన్యాసాలు మొదలుపెట్టాను. పగలు కూడా లైటు వేసి ఉంచమన్నాను. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరగనివ్వమన్నాను.

"ఉన్నదే ఒక గదండీ," అంది కింది అంతస్తు రాహేలమ్మ. "ఎవరూ లేకపోతే తాళం పెట్టి పోతాం."

"తాళం పెట్టి పొండి. ఫ్యాను తిరుగుతూ ఉండనివ్వండి."

"తిరిగి ఎవరికండీ?"

ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రంలో జవాబు లేదు. అందరూ బుద్ధిగా తల ఊపారు. ఇళ్ళకు వెళ్ళి లైటు వేశారు. గది దాటి బయటికి వస్తూ ఆర్పేశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తుండగానే ఆర్పేవారు, నన్ను చూసి నాలిక కరుచుకునేవారు, మళ్ళీ వేసేవారు, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే మళ్ళీ ఆర్పేవారు. అది వాళ్ళ నిర్ణయం కాదు. మనసుకంటే చెయ్యి పాతది. లేమిలో పెరిగిన చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, మనసు తర్వాత వచ్చి క్షమాపణ చెబుతుంది. ఆ చెయ్యికి ఉపన్యాసం వినిపించే మార్గం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

స్విచ్చుల మీద టేపు అంటించాం. మర్నాటికి టేపంతా జాగ్రత్తగా ఊడదీసి, చుట్టచుట్టి, చిల్లుపడ్డ బకెట్లకు వేసుకున్నారు.

సంస్థ ఉపకరణాలు పంపింది. హీటర్లు, ఇస్త్రీపెట్టెలు, ఇంటికొక ఫ్రిజ్. అంతస్తుకు ఒక్క ఫ్రిజ్ మాత్రం నడిపి, అందరి మజ్జిగా అందులోనే పెట్టారు. మిగతా ఫ్రిజ్‌లలో చీరలు మడతపెట్టారు.

"ఎలకలు దూరవండీ. బీరువా కంటే నయం," అంది రాహేలమ్మ సంతోషంగా.

కొలతలు వచ్చాయి. కాలనీ వినియోగం మునుపటికంటే తగ్గింది. నా ఉపన్యాసాలకు అందరూ తప్పకుండా వస్తున్నందువల్ల ఆ వేళ ఇళ్ళలో ఫ్యాన్లు ఆగిపోతున్నాయి.

పరాంకుశంగారు నన్ను పిలిపించారు. "మీరు క్షేత్రస్థాయిలో రహస్యంగా పొదుపును ప్రోత్సహిస్తున్నట్టు ఆరోపణ వచ్చింది. దీనిపై మీ వివరణ?"

వివరణ వెతుక్కుంటూ ఆ సాయంత్రం నాంచారమ్మ ఇంటికి వెళ్ళాను. శివపార్వతి అప్పటికే వచ్చింది. తడిపిన గోనెపట్టా మీద పడుకుని, కళ్ళు తెరిచే స్లాబు వైపు చూస్తోంది. ఆ స్లాబు పగలు మింగిన ఎండను నెమ్మదిగా కిందికి కక్కుతోంది. నన్ను చూసి నాంచారమ్మ లేచి, మర్యాదకు లైటు వేసింది, నేను కూర్చోగానే అలవాటుగా ఆర్పేసింది. అయినా గదిలో కొంచెం వెలుగు మిగిలింది. గూట్లో దీపం.

"అది ఆర్పలేదేం?"

"అయ్యో, అట్టా అనమాకండి! అది అఖండదీపం. మా పిల్ల సుఖంగా నీళ్ళాడాలని మొక్కుకున్నా. మండలం రోజులు కొండెక్కకూడదు."

"నూనె దుబారా కదా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "దేవుడికిచ్చింది దుబారా ఎట్టా అవుద్దండీ?"

నాకు చాలాకాలం తర్వాత, ఒక తాళంలో చెవి తిరిగినప్పటి చిన్న శబ్దం లోపల వినిపించింది. మనిషికి పొదుపు పాఠం కాదు, నిష్ఠ. నిష్ఠను వాదన ఓడించలేదు. ఇంకొక నిష్ఠ మాత్రమే ఓడించగలదు.

"ఆ ట్యూబులైటునే అఖండదీపం అనుకుంటే?" అన్నాను.

"కరెంటు దీపం చెల్లుద్దంటారా?"

"సంకల్పం ముఖ్యం. అదీగాక, పూత రావాలంటే అది వెలగాలి. పూత వస్తే ఇల్లు చల్లబడుతుంది."

ఆమె కూతురి వైపు చూసింది. స్లాబు వైపు చూసింది. తర్వాత గదిలోనే వంట మూలకు వెళ్ళి పసుపు తడిపి తెచ్చి స్విచ్చుకు రాసింది, బొట్టు పెట్టింది, దణ్ణం పెట్టుకుని లైటు వేసింది. ఆ చెయ్యి మళ్ళీ స్విచ్చు దగ్గరికి వెళ్ళలేదు.

శుక్రవారానికి కాలనీలో పసుపు రాయని స్విచ్చు బోర్డు లేదు. దీపాలతో ఆగలేదు. దేవుడికి ఉక్కపోయదా అని ఫ్యాన్లు ఆపడం మానేశారు. స్వామికి అభిషేకం చన్నీళ్ళతోనా అని హీటర్లు పెట్టారు. నైవేద్యాలకని చీరలు తీసేసి ఫ్రిజ్‌లన్నీ నడిపారు. పక్కింటివాళ్ళకంటే తమ భక్తి ఒక ప్లగ్గు తక్కువ కాకూడదని ప్రతి ఇల్లూ జాగ్రత్తపడింది. మస్తాన్ తన వరండా నిండా రంగు దీపాల తోరణాలు కట్టాడు.

"ఉరుసుకి ఇంకా టైముంది గదయ్యా?" అని నాంచారమ్మ అడిగింది.

"మీ దేవుడికి ముందే చెప్పి, మా బాబాకి లేటుగా చెప్తే ఏం బాగుంటది అక్కా?" అన్నాడు.

రాహేలమ్మ గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం వేలాడదీసింది. "ప్రభువు ఎప్పుడొచ్చేదీ ఎవరికి తెలుసండీ? ఎండాకాలంలోనే రావచ్చు," అంది. ఒకే కరెంటు స్తంభం కింద మూడు మతాలు ఇంత ఏకగ్రీవంగా పనిచేయడం నేను అంతకుముందు చూడలేదు.

మీటర్లు పరిగెత్తాయి. పరాంకుశంగారు ఆనందంతో ఆ పరిణామానికి "భక్తి ఆధారిత వినియోగ వృద్ధి నమూనా" అని నామకరణం చేశారు. రాహేలమ్మ కొడుకు తెరిచిన ఫ్రిజ్ ముందు చాప వేసుకుని పడుకున్నాడని విని, అతన్ని ఆదర్శ లబ్ధిదారుగా ఫొటో తీయించారు.

"అలా తెరిస్తే గది ఇంకా వేడెక్కుతుందండి," అన్నాడు ప్రభుదాస్.

"వేడెక్కితే ఇంకా వాడతారు. మీరు సమస్యలోనే ఉండిపోతున్నారు ప్రభుదాస్, అవకాశంలోకి రండి."

ప్రాతిపదిక ఖరారైంది. తెల్లటి పూత డ్రమ్ములు లారీలో వచ్చి వాకిట్లో దిగాయి. నాంచారమ్మ ఒక డ్రమ్మును చేత్తో తట్టి చూసింది, పుచ్చకాయను తట్టి చూసినట్టు. ఇక మిగిలింది ప్రారంభోత్సవం. అదనపు దీపాలన్నీ ఆర్పించి, వినియోగం దిగివచ్చే దశలో పడ్డాక పూత మొదలుపెట్టాలి. మొదటి స్విచ్చును స్వయంగా ఆర్పడానికి పరాంకుశంగారు నాంచారమ్మ ఇంటికి వచ్చారు. స్విచ్చు బోర్డుకు దండ వేశారు. ఫొటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. ఆయన చూపుడువేలు చాచారు.

నాంచారమ్మ అడ్డంగా నిలబడింది. "ఆర్పమాకండి."

"అమ్మా, ఇది పొదుపు ప్రారంభం."

"అయ్యుండొచ్చు. మండలం కాలేదు. నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉండగా దీపం కొండెక్కిస్తారా? మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. పరాంకుశంగారి వేలు గాలిలోనే ఉండిపోయింది. ఆయన నావైపు చూశారు. నేను స్విచ్చు వైపు చూశాను. పసుపు ఎండి, దాని మీద కొత్త పసుపు పడి, అది ఇప్పుడు నిజంగానే ఒక చిన్న దేవుడిలా ఉంది. పెట్టుడు నమ్మకానికీ పుట్టుక నమ్మకానికీ తేడా మొదటి వారమే తెలుస్తుంది. ఆ తర్వాత రెండింటికీ ఒకే పసుపు.

"పోనీ, దీపాలు అట్టాగే ఉంచి పూత పూసెయ్యండి," అంది నాంచారమ్మ.

"అసాధ్యం. పూత పూశాక వినియోగం తగ్గకపోతే, పూత విఫలమైనట్టు నమోదవుతుంది. విఫలమైన పూతను ఏ సంస్థ అయినా ఎలా పూస్తుంది?"

మండలం పూర్తయ్యేదాకా ఆగాలని తీర్మానించారు. డ్రమ్ములు వాకిట్లో ఉండిపోయాయి. వాటి నీడలో ముసలివాళ్ళు కూర్చున్నారు. ఆ పూత వల్ల కాలనీకి అందిన చల్లదనం అప్పటికి అంతే.

రోహిణి కార్తె వచ్చింది. మిట్టమధ్యాహ్నం, వందల దీపాలు ఎండతో పోటీపడి వెలుగుతుండగా, కాలనీ ట్రాన్స్‌ఫార్మరు పెద్ద చప్పుడుతో పేలింది. దేవుళ్ళందరూ ఒక్కసారే కొండెక్కారు. ఫ్యాన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పై అంతస్తు నుంచి శివపార్వతి నొప్పుల కేక వినిపించింది. మస్తాన్ తోరణాలు పక్కకు తోసి ఆటో తీశాడు. సాయంత్రానికి ప్రభుత్వాసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ వార్త ఆఫీసుకు తెచ్చింది నేనే. పరాంకుశంగారు వినలేదు. ఆయన ప్రభుదాస్ ఇచ్చిన కాగితం వైపు చూస్తున్నారు.

"ప్రస్తుత వినియోగం సున్నా," అన్నారు. "అంటే తగ్గుదల..."

"నూరు శాతం అండి," అన్నాడు ప్రభుదాస్ బెరుగ్గా.

"నూరు శాతం." ఆయన ఆ మాటను గర్భగుడిలో అన్నట్టు మెల్లగా అన్నారు. మనిషి ముఖం మీద అంత శుద్ధమైన ఆనందం నేను అరుదుగా చూశాను. అందులో దురుద్దేశం రవ్వంత లేదు. ఆ అంకె వెనక ఒక మూడో అంతస్తు ఉందన్న సంగతి కూడా లేదు.

తర్వాత అన్నీ చకచకా జరిగాయి. లక్ష్యాన్ని మించిన పొదుపు ముందే సాధించబడినందున పునర్నవీకరణ పనులు అనవసరమని ఉత్తర్వు వచ్చింది. డ్రమ్ములు లారీ ఎక్కాయి. కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెడితే వినియోగం తిరిగి పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి, "సాధించిన ఫలితాల సుస్థిరత దృష్ట్యా" దాన్ని వాయిదా వేశారు. మా ఆఫీసు సమావేశ మందిరంలో అభినందన సభ ఏర్పాటైంది. ఉత్తమ లబ్ధిదారు నాంచారమ్మ.

ఆ రోజే శివపార్వతిని ఆసుపత్రి నుంచి పంపించేశారు. రాఘవమ్మ మాచర్ల నుంచి కారు మాట్లాడుకుని దిగింది. నేను సభకు పిలుచుకు రావడానికి వెళ్ళేసరికి వియ్యపురాళ్ళిద్దరూ ఆసుపత్రి గేటు ముందు నిలబడి ఉన్నారు.

"మాటంటే మాటే వదినా. నీ ఇల్లు చల్లబడిందా?"

కరెంటు లేదు, పందిరి లేదు, పూత లేదు. నాంచారమ్మ చేతుల్లోని బిడ్డను గట్టిగా పట్టుకోవడం కూడా లేదు. పోయేదాన్ని ముందుగానే కొంచెం వదులుగా పట్టుకుంటారు మనుషులు.

"ముందు సన్మానానికి పోదాం రా వదినా," అంది చివరికి. "అది అయినాక నీ ఇష్టం."

మందిరం తలుపు తెరవగానే చల్లదనం మోకాళ్ళ దాకా వచ్చి పలకరించింది. రాఘవమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మెత్తటి కుర్చీలో కూర్చుంది. పైట చెంగుతో మెడ తుడుచుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇదేంది వదినా, ఇంత సల్లగా ఉంది?"

"స్కీము వదినా."

"ఎవరిది?"

"మాదే. మా కాలనీ కోసం పెట్టిందే."

అందులో అబద్ధం ఎక్కడుందో నేను ఎంత వెతికినా దొరకలేదు. కాలనీ పేరుమీద పుట్టిన చల్లదనమంతా ఆ గదిలోనే ఉంది.

పరాంకుశంగారు చాలాసేపు మాట్లాడారు. నాంచారమ్మకు శాలువా కప్పారు. ఆమె దాన్ని తీసి బిడ్డకు చుట్టింది. చప్పట్లు కొట్టారు. అందరూ లేచారు. నాంచారమ్మ లేవలేదు. శివపార్వతి, రాఘవమ్మ కూడా లేవలేదు.

"సభ ముగిసింది తల్లీ," అన్నారు పరాంకుశంగారు.

"మంచిదండీ."

"అంటే, ఇక బయల్దేరవచ్చు."

"యాడికండీ?"

ఆమె గొంతులో ఎదిరింపు లేదు. దారి తెలియక అడిగినట్టే అడిగింది. అధికారి 'ఎందుకు' అన్నదానికి ఎప్పుడూ జవాబు ఉంచుకుంటాడు, 'ఎప్పుడు' అన్నదానికి జవాబు వాయిదా వేస్తాడు. 'ఎక్కడికి' అని అడిగినవాళ్ళు ఆయన అనుభవంలో లేరు. వాచ్‌మన్ను పిలవమన్నట్టు ప్రభుదాస్‌కు సైగ చేశారు.

ప్రభుదాస్ కదలకుండా నిలబడ్డాడు. "ఇంకో సంగతండి. రాజధాని నుంచి తనిఖీ బృందం వస్తోంది. ఈసారి మన భవనాన్నే చూస్తారట. పొదుపు నేర్పే సంస్థ ఎంత వాడుతోందో, తలకు ఇంత అని లెక్క వేస్తారట. మన దాంట్లో తలలు తక్కువ, ఏసీలు ఎక్కువ అండి."

పరాంకుశంగారి ముఖం పాలిపోయింది. అంకెల వల్ల వెలిగే ముఖం అంకెల వల్లే ఆరిపోతుంది. ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలి కలిగింది. జాలి కలిగినప్పుడే నాకు బుద్ధి బాగా పనిచేస్తుంది.

"తలసరి లెక్క తగ్గించడానికి మార్గాలు రెండండి," అన్నాను. "ఏసీలు తగ్గించడం ఒకటి."

"రెండవది చెప్పండి."

నేను శాలువాలో నిద్రపోతున్న బిడ్డ వైపు చూశాను. ఆయనా చూశారు. చాలాసేపు చూశారు.

"పసిబిడ్డ తల కిందికి వస్తాడా?"

"మార్గదర్శకాల్లో వయోపరిమితి లేదండి," అన్నాడు ప్రభుదాస్.

పరాంకుశంగారు రాఘవమ్మ వైపు తిరిగారు. "అమ్మా, తమరు కూడా ఉంటున్నారా?"

"పొమ్మంటే పోతాం బాబూ."

"అబ్బెబ్బే! ఆ మాట అనకండి. మీకు ఇంకా బంధువులెవరైనా ఉన్నారా?"

రాఘవమ్మ నాంచారమ్మ వైపు చూసింది. "వదినా, పిల్లనీ బిడ్డనీ ఇక్కడే ఉంచుదాంలే. నేను కూడా పురిటి స్నానం దాకా ఉంటా. ఒక్కదానివి ఏం చేసుకుంటావు?" అని, బయటికి వెళ్ళి కారు పంపించేసింది.

సాయంత్రానికి మస్తాన్ ఆటో చాలాసార్లు వచ్చి వెళ్ళింది. హిమగిరి కాలనీ మూడో అంతస్తు మొత్తం మా సమావేశ మందిరంలోకి దిగింది. అటెండరు ప్రతి తలనూ గౌరవంగా లెక్కపెట్టుకున్నాడు. ఫ్యాను కొక్కేనికి చీర ఉయ్యాల కట్టారు. పురిటి స్నానం ఆఫీసు బాత్‌రూములో, వేణ్ణీళ్ళతో, నాంచారమ్మ చేత్తోనే జరిగింది. బిడ్డ ఏడుపు మూడో ఫ్లోరు అకౌంట్స్ సెక్షను దాకా వినిపించింది. ఫైళ్ళు చదువుతున్నవాళ్ళు తలెత్తి, ఎందుకో కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

తనిఖీ బృందం వచ్చిన వేళకు బిడ్డ అప్పుడే నిద్రపోయాడు. రాజధాని నుంచి వచ్చిన పెద్దలు ఏదో అనబోతే రాఘవమ్మ నోటి మీద వేలు పెట్టి చూపించింది. వాళ్ళు బూట్లు విప్పి, మునివేళ్ళ మీద నడిచి, కుర్చీల్లో కూర్చున్నారు. పరాంకుశంగారు నివేదికను గుసగుసగా చదివారు. గుసగుసలో "సుస్థిర తలసరి వినియోగ హ్రస్వీకరణ" అనడం కుదరదు. అందుకని ఆయన మామూలు మాటల్లో, "చాలామందిమి ఉంటున్నాం, కరెంటు అంతే అవుతోంది," అన్నారు. పెద్దలు గుసగుసగా అభినందించారు. ఒకాయన కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

వెనక వరసలో నాంచారమ్మ, రాఘవమ్మ పళ్ళెం మధ్యలో పెట్టుకుని బెండకాయలు తరుగుతున్నారు.

"ఈళ్ళంతా ఎవరు వదినా?" అని మెల్లగా అడిగింది రాఘవమ్మ.

నాంచారమ్మ తలెత్తి వాళ్ళందరినీ ఒకసారి చూసింది.

"తెలీదు వదినా. ఎండకి తట్టుకోలేక వచ్చి కూర్చున్నట్టున్నారు, పాపం."